నలభై మూడు సెకన్లు

పానాకు ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. తను చూడని నిమిషంలో తన కూతురు చచ్చిపోతుందని.

దెయ్యాలకు భయపడదు. పోలీసులకు భయపడదు. జాకీ మీద లేపిన బండి కింద దూరడానికి అసలే భయపడదు. కానీ మూడేళ్ల పిల్లను పొద్దున తొమ్మిదింటికి పిల్లల కేంద్రం గేటు దగ్గర వదిలి వెనక్కి తిరిగింది మొదలు, సాయంత్రం మళ్లీ చంకనెత్తుకునేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే తిరుగుతుంది. "నీది ప్రేమ కాదే, పిరికితనం" అని తల్లి ఎన్నోసార్లు తిట్టింది. మొన్న సోమవారం పొద్దున తొమ్మిదీ ఎనిమిదికి, ఆ పిరికితనం ఊరికే పుట్టింది కాదని తేలింది.

ఆ పొద్దున కేంద్రం గేటు ముందు, ఎత్తు మీద ఆగి ఉన్న ఒక పాత ఆటోమేటిక్ కారు, డ్రైవరు లేకుండానే వెనక్కి వచ్చింది. పిల్లలు రోడ్డు దాటుతుంటే కారు వెనక నిలబడి చెయ్యి అడ్డం పెట్టే గేటు తాతను గోడకేసి నొక్కేసింది. ఆస్పత్రికి చేరేలోపే తాత పోయాడు. ఎదురింటి కెమెరాలో అంతా పడింది. కారు తగలబోయే ముందు తాత ఒక చేత్తో పసుపు గొడుగు పట్టుకున్న పిల్లను పక్కకు తోశాడు. ఆ గొడుగు పానా కొన్నది. ఆ పిల్ల పానా కూతురు.

ఆ వీడియోను ఆమె పదకొండుసార్లు చూసింది. పదకొండుసార్లూ ఏడ్చింది. పన్నెండోసారి ఏడుపు పక్కన పెట్టి, గడియారం పెట్టుకుని చూసింది. అప్పటి నుంచి ఆమెకు ఒకటే కోపం. ఎవరి మీదో ఇంకా తెలియని కోపం.

పదో తరగతి సగంలో చదువు ఆగిపోయాక తండ్రి గ్యారేజీలో పానాలు అందిస్తూ పెరిగిన పిల్ల కాబట్టి ఆ పేరు పడింది. ఇప్పుడు లాయర్ల కోసం ప్రమాదాల గుట్టు విప్పే పని చేస్తోంది. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, ఆ కారు డ్రైవరు తరఫు లాయరు రాసిచ్చిన కాగితం పట్టుకుని పోలీసు స్టేషన్లో పక్కగదిలోకి వెళ్లింది.

డ్రైవరు పాతికేళ్లు దాటని మనిషి. కేంద్రంలో పిల్లలంతా ఆమెను పిన్ని అంటారు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని కూర్చుని ఉంది. చేతులు ఎందుకు కట్టుకుందో పానాకు చూడగానే అర్థమైంది. పాలు కారి ముందంతా తడిసిపోయింది. ఇంటి దగ్గర పది నెలల పిల్ల ఉంది, రెండ్రోజులుగా తల్లి లేదు.

పానా తన చున్నీ తీసి ఆమె మీద కప్పింది. తలుపు దగ్గరున్న కానిస్టేబులు వైపు తిరిగింది.

"ఈవిడకి పసిపిల్ల ఉందని మీకెవరికీ తెలీదా?"

"మాకు రాసివ్వలేదమ్మా."

"చొక్కా తడిసింది కనబడుతోందిగా. అది కూడా రాసివ్వాలా?"

కానిస్టేబులు గోడమీది క్యాలెండరు చూడసాగాడు. పానా కింద కూర్చుంది.

"అరెస్టు నిన్న సాయంత్రం చేసినట్టు రాసుకున్నారు, ఇవాళ నాలుగున్నరకి నిన్ను కోర్టుకు తీసుకెళ్తారు. బండిని పరీక్షించే సర్వేయరు నాలుగింటికి రిపోర్టు ఇస్తాడు. నిర్లక్ష్యం అని రాశాడంటే రిమాండే. కాబట్టి ఏడవడం తర్వాత. సోమవారం జరిగింది జరిగినట్టు చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలక్కా. గేరు లివరు పీలో పెట్టాను. బ్రేకు మీంచి కాలు తీశాను. బండి కదల్లేదు. దిగాను."

"ఇంజను?"

"ఆపలేదు. లోపల ముగ్గురు పిల్లలు. ఏసీ పోతే గోల చేస్తారు."

"హ్యాండ్‌బ్రేకు?"

పిన్ని తల దించుకుంది. "వెయ్యలేదు. ఆటోమేటిక్ కదా, పీలో పెడితే చాలని అందరూ అంటారు."

"దిగి ఏం చేశావు?"

"ఎడమవైపు వెనక తలుపు తీసి ఒక్కొక్కర్నీ దింపాను. ఒకర్ని గేటు లోపల వదలడం, మళ్లీ రావడం. మూడో పిల్లాణ్ణి దింపి తలుపు వేశాను. వెయ్యగానే..."

"ప్రతిసారీ తలుపు వేశావా?"

"వేస్తానక్కా. తెరిచి వదిలేస్తే మిగతావాళ్లు దూకేస్తారు."

పానా చేతి వెనక పెన్నుతో మూడు గీతలు గీసుకుంది.

"బండి అంతకుముందు ఎలా ఉండేది?"

"ముసలి బండి. ముందుకి వేస్తే రెండు సెకన్లు ఆలోచించుకుని, అప్పుడు ఎవరో వెనకనుంచి తన్నినట్టు కదిలేది. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజను అరిచేది కానీ వేగం రాదు. పిల్లలు బండికి ఎక్కిళ్లొచ్చాయి, నీళ్లు పట్టు పిన్నీ అనేవాళ్లు. నెల నుంచి కేంద్రం మేడంకి చెప్తున్నా, బండి ఆవిడదే కదా. కిందటి శుక్రవారం నుంచి మటుకు మెత్తగా పోతోంది."

"ఎవరు బాగుచేశారు?"

"తెలీదు. గురువారం నన్ను రావొద్దన్నారు. శుక్రవారం వచ్చేసరికి ఎక్కిళ్లు లేవు."

"బండి రోజూ గేటు బయటే ఆపుతావా?"

"కాదక్కా, రోజూ లోపల పార్కింగ్‌లోనే పెట్టేదాన్ని. పార్కింగ్‌లో పెట్టొద్దని మేడం శుక్రవారం అన్నారు. అందుకని రోడ్డు మీద."

"ఎందుకట?"

"అడగలేదు. పెద్దవాళ్లని ఎదురడిగితే పని ఉంటుందా?"

పానా లేచింది. పిన్ని చున్నీ తిరిగివ్వబోతే పానా వద్దంది.

స్టేషను వెనక రేకుల షెడ్డులో ఆ కారు ఉంది. చక్రాలకు అటూ ఇటూ ఇటుకలు పెట్టారు. సర్వేయరు అప్పటికే అక్కడ మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో కాగితాలు బిగించిన పలక పెట్టుకుని రాసుకుంటున్నాడు. మనిషి శుభ్రంగా ఉంటాడు, బూట్లకు కూడా ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు. వీళ్లిద్దరూ ఒకరికొకరు కొత్త కాదు. కిందటేడు ఒక లారీ కేసులో పానా ఆయన రిపోర్టును కోర్టులో చింపినంత పని చేసింది. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

"రండి. ఈ కారు కూడా మిమ్మల్ని చూసి సాక్ష్యం చెబుతుందేమో" అన్నాడు.

"అడిగే పద్ధతిలో అడిగితే చెబుతుంది సార్."

"చూడమ్మా, నాది పదహారేళ్ల సర్వీసు."

"బండిది ఇరవైరెండేళ్లు. పెద్దరికం మాటకొస్తే దానికే ముందు దణ్ణం పెట్టాలి."

సర్వేయరు పలక ఒళ్లో బోర్లించాడు. "మీ అమ్మాయి ఉందట కదా ఆ వీడియోలో. ఆ ముసలాయన మీ పిల్లను తోసి తను చచ్చాడు. ఆయన్ని చంపినదాన్ని బయటికి తేవడానికి మీరు వచ్చారు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

చేతిలో టార్చి లేకపోతే ఆ చెయ్యి ఏం చేసేదో ఆమెకే తెలియదు.

"పట్టట్లేదు. అందుకే పగలు పని చేస్తున్నా. మీ లెక్క ఏంటో చెప్పండి."

"కొత్తగా చెప్పేదేముంది. కారు తాతకి తగిలినప్పుడు వెనక తెల్ల లైటు వెలుగుతోంది. వీడియోలో స్పష్టంగా ఉంది. అంటే బండి రివర్స్‌లో ఉంది. ఆవిడ రివర్స్‌లో వదిలేసి దిగింది. గొడవైపోయాక లోపలికి దూరి లివరు పీలోకి నెట్టింది. నేను సీట్లో కూర్చుని లివరు అటూ ఇటూ పదిసార్లు తిప్పి చూశాను. దేనికది సరిగ్గా పడుతోంది. ఏడాదిగా ఈ బండిని ఏ మెకానిక్కూ ముట్టుకోలేదని యజమానురాలు రాసిచ్చింది. కథ కంచికి."

"లైటు ఎన్నింటికి వెలిగింది?"

"తగిలే ముందు."

"తొమ్మిదీ ఏడు నిమిషాల పంతొమ్మిది సెకన్లకి ఆవిడ దిగింది. తొమ్మిదీ ఎనిమిదీ రెండు సెకన్లకి బండి కదిలింది. మధ్యలో నలభై మూడు సెకన్లు. ఇంజను నడుస్తోంది, ఎత్తు మీద ఉంది, బ్రేకు లేదు. రివర్స్‌లో వదిలిన బండి నలభై మూడు సెకన్లు నిలబడి ఏం చేస్తుంది సార్, మంచీ చెడూ ఆలోచిస్తుందా?"

"ఎండ పడి లైటు సరిగ్గా కనబడలేదు. ముందు నుంచే వెలుగుతూ ఉండొచ్చు."

"లైటుకి ఎండ. మరి చక్రాలకి?"

సర్వేయరు గడియారం చూసుకున్నాడు. "రెండూ పది. ఇరవై నిమిషాలు ఇస్తాను."

పానా బానెట్ ఎత్తింది. కానిస్టేబులుతో కారు స్టార్టు చేయించి, గేర్‌బాక్సు నూనె ఎంతుందో చూసే డిప్‌స్టిక్ బయటికి లాగింది. తెల్లగుడ్డ మీద తుడిచింది. ఎక్కిళ్లు పెట్టే గేర్‌బాక్సులో ఏడాది కిందటి నూనె ఉంటే నల్లగా, మాడిన పాల వాసన వేస్తూ ఉండాలి. గుడ్డ మీద పడ్డ మరక దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మాడిన వాసన లేదు.

గుడ్డను తెచ్చి సర్వేయరు పలక మీద పరిచింది.

"ఇది వారం కూడా దాటని నూనె. ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదని రాసిచ్చినావిడని అడగండి, నూనె దానంతటదే స్నానం చేసొచ్చిందా అని."

"నూనె మారిస్తే నేరమా?"

"మార్చి మార్చలేదనడం నేరం. అబద్ధం ఒక్కటే రాదు సార్, వెనక చుట్టాల్ని వెంటేసుకుని వస్తుంది."

ఇంజను ఆపించి, గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరింది. గ్యారేజీలో తండ్రి ఎప్పుడూ ఒక మాట అనేవాడు: లివరుది మాట, గేర్‌బాక్సుది చేత. లోపల సీటు దగ్గరి లివరును మనం పీ అనే అక్షరం మీదికి తోస్తే, దానికి కట్టిన కేబుల్ వెళ్లి గేర్‌బాక్సు పక్కనున్న ఇనుప చేతిని తిప్పుతుంది. ఆ చెయ్యి పూర్తిగా తిరిగితేనే లోపల కొక్కెం చక్రం పళ్లలో పడి బండిని కట్టేస్తుంది. కేబుల్ కొసకీ ఆ చేతికీ మధ్య చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. అది అరిగితే లివరు చెప్పేది ఒకటి, గేర్‌బాక్సు చేసేది ఇంకొకటి.

బుష్ లేదు. ఆ చోట ఇనుప తీగ కట్టి ఉంది. కొత్త తీగ, తళతళ మెరుస్తోంది.

పానా టార్చి దగ్గరగా పెట్టింది. తీగ మూడు మెలికలు ఎడమవైపుకు తిరిగి ఉంది. కొస పైకి పొడుచుకు రాకుండా లోపలికి వంచి ఉంది. తర్వాత చెయ్యి పెట్టేవాడికి గీసుకుపోకూడదని. ఆమె అక్కడే, వీపు కింద గోనె గుచ్చుకుంటున్నా, ఆ మెలికలను మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది.

"ఏమైంది?" సర్వేయరు కేక వేశాడు.

"ఏం లేదు. మీరు కారు వెనక్కి వెళ్లండి. సరిగ్గా వెనక కాదు, పక్కన నిలబడండి. లైటు చూస్తూ ఉండండి."

బయటికొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇంజను వెయ్యకుండా తాళం మాత్రం తిప్పింది. లివరును పీలోకి తోసింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది.

"లైటు ఉందా?"

"లేదు."

"కానిస్టేబుల్ గారూ, ఎడమ వెనక తలుపు తీసి వెయ్యండి. పిల్లల్ని దింపేటప్పుడు వేసినట్టు, గట్టిగా."

తలుపు ధడేల్‌మంది.

"ఇప్పుడు?"

"లేదు."

"మళ్లీ."

"లేదు. ఏంటమ్మా ఈ ఆట?"

"ఇంకొక్కసారి."

మూడోసారి తలుపు పడింది. కారు కింద ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడు. పానా అద్దంలోంచి చూసింది. సర్వేయరు ముఖం మీద తెల్లని వెలుతురు పడుతోంది.

"వెలిగిందా సార్?"

ఆయన నెమ్మదిగా నడిచి కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపలికి వంగాడు. లివరు పీ మీదే ఉంది. ఆమె చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"ముగ్గురు పిల్లలు. మూడుసార్లు తలుపు. నలభై మూడు సెకన్లు" అంది పానా. "ఆ ఇనుప చెయ్యి సగంలో ఆగింది. కొక్కెం పంటి అంచు మీద కూర్చుంది. ఇంజను వణుకు, ఎత్తు, తలుపు దెబ్బ. జారి రివర్స్‌లో పడింది. మీరు సీట్లో కూర్చుని పదిసార్లు లివరుని అడిగారు, అది పదిసార్లూ అబద్ధమే చెప్పింది. ఒక్కసారి కింద పడుకుని గేర్‌బాక్సుని అడగాల్సింది. చొక్కా మాసిపోతుందనుకున్నారా?"

సర్వేయరు బూట్లకున్న సంచులు విప్పాడు. ఆ తర్వాత, పానా ఊహించని పని చేశాడు. పలక కుర్చీలో పెట్టి, ఇస్త్రీ చొక్కాతోనే గోనెపట్టా మీద పడుకుని కిందికి దూరాడు. రెండు నిమిషాలు రాలేదు. వచ్చాక భుజం మీది మట్టి దులుపుకోలేదు.

"తీగ ఎవడు కట్టాడు?"

పానా టార్చి ఆపేసి కారు దిగింది.

"మీకు తెలుసు. నూనె దగ్గర అంత నోరు చేసిన మనిషి తీగ దగ్గర నోరు మూసుకుంది" అన్నాడు సర్వేయరు. "ఒకటి చెప్తా వినండి. కట్టినవాడు వచ్చి నేనే కట్టానని చెబితే నా రిపోర్టు మారుస్తాను. రాకపోతే, ఆ తీగ నిన్నో మొన్నో మీరే కట్టారని రేపు ఎవరైనా అంటారు. మీ నాన్న గ్యారేజీ సంగతి ఊరందరికీ తెలుసు. నేనే అనొచ్చు. నాలుగింటిదాకా ఆగుతాను."

గ్యారేజీ అక్కడికి నడక దూరమే. పానా నడవలేదు, పరిగెత్తింది. పరిగెడుతున్నంతసేపూ ఒక్కటే గుర్తొస్తోంది. నెల కిందట కేంద్రం గేటు దగ్గర మేడం, "ఎవరైనా నమ్మకమైన మెకానిక్కు ఉన్నాడా" అని అడిగితే నంబరు ఇచ్చింది తనే. ఎడమవైపు మూడు మెలికలు, కొస లోపలికి. ఆ ముడి తండ్రి ఇద్దరికే నేర్పాడు. ఒకటి తనకి. రెండోది అన్నకి.

అన్న ఒక వ్యాను బానెట్ కింద తల పెట్టి ఉన్నాడు. చెల్లెలు వచ్చిన అడుగుల చప్పుడు విని కూడా తల ఎత్తలేదు. అది చాలు ఆమెకు.

"గురువారం తీగ కట్టావా?"

"ఏ బండికి?"

"అన్నయ్యా, నా ముఖం చూసి అడుగు ఆ మాట."

అతను తల ఎత్తాడు. రెండ్రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"బుష్ దొరకలేదే. పాత మోడలు, ఎక్కడా లేదు. తెప్పిస్తే వారం పడుతుందన్నారు. బండి వదలను, పిల్లల్ని తేవాలి అని ఆవిడ నా ప్రాణం తీసింది. నూనె మార్చా, ఎక్కిళ్లు పోయాయి. తాత్కాలికంగా తీగ కట్టి ఇచ్చా. నేనేం దాచలేదు. ఇచ్చేటప్పుడు ఫోన్లో గట్టిగా చెప్పాను కూడా."

"ఏమని? ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క ముక్క మార్చకు."

"మేడం, బుష్ వచ్చేదాకా బండి పార్కింగ్‌లో పెట్టొద్దు. అంతే. అంటే న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగమని. ఎవరికైనా అర్థమవుతుంది కదా అది?"

పానా వ్యాను తలుపు పట్టుకుంది.

అన్న నోట పార్కింగ్ అంటే లివరు మీది పీ అక్షరం. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క అర్థంతోనే బతికిన మనిషి. మేడం చెవిలో పార్కింగ్ అంటే మేడ కింద కార్లు పెట్టే చోటు. ఆవిడ విన్నది విన్నట్టు పిన్నికి చెప్పింది. పిన్ని చెప్పింది చెప్పినట్టు చేసింది. బల్లపరుపుగా ఉన్న సిమెంటు నేల మీంచి ఆ బండిని తీసి, తీసుకెళ్లి ఎత్తు మీద పెట్టింది. రోజూ పీలోనే పెట్టింది. ఆ మాట దగ్గర ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఒక్క మాట చేతులు మారుతూ వెళ్లి ఒక మనిషిని గోడకేసి నొక్కింది.

పానా అదంతా అన్నకి చెప్పింది. ముక్కముక్కగా, పళ్ల సందునుంచి చెప్పింది. వింటూ వింటూ అతను పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"అలా ఎలా అనుకుంటారే..."

"అనుకుంటారు. మనం మన భాషలో చెప్పి, జనం నెత్తిన పడేస్తే అనుకుంటారు. హ్యాండ్‌బ్రేకు అని ఒక్క మాట అనడానికి నీకు నోరు రాలేదా? సరే, అది పొరపాటు. సోమవారం నుంచి ఎందుకు నోరు మూసుకున్నావ్?"

"చెప్పాను కదా, వాళ్లే వినలేదు అనుకున్నా."

"ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదని ఆవిడ రాసిచ్చింది. అది ఎవరి తెలివి?"

అన్న చేతిలోని గుడ్డను మెలితిప్పుతున్నాడు. "నేనే అలా అనమన్నా. నాకూ పిల్లలున్నారే."

"ఆ డ్రైవరుకి పది నెలల పిల్ల. పాలు కారి చొక్కా తడిసి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏం తప్పు చేశానో తెలీక కూర్చుంది. నా కూతురు ఆ కారుకి రెండడుగుల దూరంలో ఉంది, నీ మేనకోడలు. దాన్ని తోసిన మనిషి చచ్చిపోయాడు. నువ్వు రెండు పూటలా అన్నం ఎలా తిన్నావు?"

అతని భుజాలు కదులుతున్నాయి. పానా కోపం కొంచెం కూడా తగ్గలేదు. అన్న కదా, జాలి వస్తుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. రాలేదు.

"లే. స్టేషనుకి వెళ్లు. సర్వేయరు షెడ్డులో ఉన్నాడు. తీగ నేనే కట్టాను, మాట సరిగ్గా చెప్పలేదు, తర్వాత అబద్ధం చెప్పించాను. ఈ మూడూ చెప్పు. నువ్వు వెళ్లకపోతే నేనే వెళ్లి చెప్తా. అప్పుడు నాకు అన్న లేడు."

అతను లేచాడు. నల్లబడిన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లి, కుళాయి తిప్పకుండా నిలబడిపోయాడు.

"చెల్లీ."

"ఊఁ."

"గురువారం రెండు తీగలు కట్టాను."

గ్యారేజీ ముందు రోడ్డు మీద వెళ్లే బండ్ల చప్పుడంతా ఒక్కసారిగా దూరమైపోయినట్టనిపించింది పానాకి.

"అదే మోడలు. ఆకుపచ్చది. డ్రాయింగు మాస్టారు ఒకాయన, తెల్లజుట్టు, రిటైరయ్యాడు. ఆయనదీ బుష్ పోయింది. ఆయనకీ అదే మాట చెప్పాను. పైగా ఆయనకి సరిగ్గా వినబడదు. అలాగే బాబూ అలాగే అని తల ఊపాడు."

"ఇల్లెక్కడ?"

"తెలీదు. ఎత్తు మీద అని మాత్రం చెప్పాడు. ఎక్కేటప్పుడు రెండో గేరులో ఇరుక్కుంటోందన్నాడు. సాయంత్రం నాలుగింటికి ఏడెనిమిదేళ్ల మనవరాలిని బడి నుంచి తెస్తాడట. గేటు దగ్గర ఆ పిల్లే దిగి, కారు వెనక నిలబడి, రా తాతయ్యా రా, అని చేతులూపుతుందట. నవ్వుతూ చెప్పాడు."

పానా గోడ గడియారం చూసింది. మూడూ ఇరవైఆరు. అన్న ఫోనులోంచి మాస్టారి నంబరుకి చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. మోగింది, ఆగింది. అన్నను భుజం పట్టి రోడ్డు మీదికి తోసింది. సర్వేయరుకి ఫోను చేసింది.

"తీగ కట్టినవాడు బయల్దేరాడు సార్. మా అన్న."

"రానీండి" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో.

"ఆ అమ్మాయిని కోర్టుకి పంపించొద్దు. ఇంకో మాట. ఇలాంటి బండి ఇంకొకటి తిరుగుతోంది. స్టేషన్లో చెప్పి ఊరంతా వెతికించండి. మీకు నా మీద కోపం ఉంటే రేపు తీర్చుకోండి."

"నంబరు ప్లేటు చెప్పండి" అన్నాడు సర్వేయరు. కుర్చీ పక్కకు తోసిన చప్పుడు వినిపించింది.

ప్లేటు నంబరు అన్న రాసుకోలేదు. పానా రోడ్డు మీద నిలబడే, కేంద్రం తల్లులకీ, తెలిసిన ప్రతి డ్రైవరుకీ, తెలియని ప్రతివాళ్లకీ పొయ్యేలా ఇలా రాసి పంపింది:

"ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా సరే, చదవడం ఆపి ఒక్కసారి బయటికి వెళ్లండి. ఆకుపచ్చ రంగు పాత ఆటోమేటిక్ కారు, నడిపేది తెల్లజుట్టు డ్రాయింగు మాస్టారు, ఆయనకు సరిగ్గా వినబడదు, పిలిస్తే పలకరు, అద్దం మీద తట్టండి. పక్కన ఏడెనిమిదేళ్ల మనవరాలు ఉంటుంది. ఇల్లు ఎత్తు మీద. పాప పేరు నాకు తెలీదు. మీ వీధిలో వాళ్లు ఉంటే ముందు కారు సంగతి వదిలేసి, ఆ పాప ఎక్కడ నిలబడిందో చూడండి, కారు వెనకైతే పక్కకు లాగండి. చూసి నాకు చెప్పండి."